బీడీల గదిలో మనీప్లాంట్లు

కోస్గిలో రామచంద్రం సేటు బీడీల కార్ఖానా అంటే ఒక పొడవాటి గది, దానికి రెండు కిటికీలు. ఆ రెండింటికీ మేకులు కొట్టించాడు మహానుభావుడు. గాలొస్తే తంబాకు పొడి ఎగిరిపోతుందట, బీడీ చుట్టడానికి తడిపిన తునికాకు ఎండి పెళుసుబారుతుందట. ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల గుండెల్లోకి ఆ దుమ్ము పోతే మాత్రం సేటుకు నష్టమేమీ లేదు.

ఆ ఆడవాళ్లలో హలీమాకు ఒళ్లు మండేది అక్కడే. పక్కనే కూర్చుని బీడీలు చుట్టే కూతురు జులేఖాకు ఎండాకాలం నుంచి దగ్గు. గాలి తగిలేచోట కూర్చోకపోతే ఊపిరితిత్తులు చెడిపోతాయని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

"సేటూ, ఒక్క కిటికీ తెరిపియ్యి. పిల్ల సచ్చేటట్టున్నది," అని మొత్తుకుంది హలీమా.

"జర ఓపిక పట్టు. ఉపాయం చేస్తున్న," అన్నాడు సేటు.

ఆ ఉపాయం మర్నాడు రిక్షాలో దిగింది. కుండీల్లో మనీప్లాంట్లు! ఇంట్లో మొక్కలు పెడితే చెడుగాలిని పీల్చేస్తాయని పేపర్లో రాశారట. మేకులు కొట్టిన కిటికీల కిందే వాటిని వరసగా పెట్టించి తెగ మురిసిపోయాడు.

"ఇగ దగ్గు ఫికర్ లేదు. దుమ్మంత గీ చెట్లే గుంజుకుంటయి. రోజు నీళ్లు పొయ్యాలె, ఆకులు తుడువాలె."

తుడిచారు. తాము తాగే బిందెలోంచే నీళ్లు పోశారు. తుడిచిన ఆకు మీద పొద్దుగూకేసరికి మళ్లీ తంబాకు పేరుకునేది. జులేఖా దగ్గితే ఒళ్లోని చాట ఎగిరిపడేది. ఆ ముచ్చట ఎత్తితే చాలు, "చెట్లు పెట్టిచ్చిన గద!" అని సేటు కసురుకునేవాడు.

వానలు పడేనాటికి ఆకులు పసుపెక్కి రాలసాగాయి. చూసి సేటు లబోదిబోమన్నాడు.

"చెట్ల పానం తీసిండ్రు గదనే! గింత దుమ్ముల ఎట్ల బతుకుతయి? వాటికి గాలాడొద్దా? తీస్కపోయి బయట అరుగు మీద పెట్టుండ్రి!"

హలీమా చేతిలో బీడీ నలిగిపోయింది. ఇన్నాళ్లూ కాళ్లావేళ్లా పడ్డా తన బిడ్డకు దొరకని గాలి, కుండీలో మొక్కకు ఒక్క మాటతో దొరికింది!

లేచి ఒక కుండీ అరుగు మీద పెట్టి వచ్చింది. ఇంకో కుండీ కోసమే వచ్చిందనుకున్నారంతా. ఆమె జులేఖా చాట అందుకుంది.

"లే బేటీ."

తల్లీకూతుళ్లు పోయి కుండీ పక్కనే కూర్చున్నారు. సేటు వెంటపడి వచ్చాడు.

"ఏందే గిది? గాలికి తునికాకు ఎండిపోదా?"

"ఎండితే తడుపుకుంట. నీ చెట్లకు పోసే నీళ్లున్నయి గద!"

లోపల బీడీలు చుడుతున్న ఈదమ్మ ఒక చేత్తో చాట, ఒక చేత్తో కుండీ పట్టుకుని వచ్చింది. వెనకే మిగతావాళ్లూ వచ్చి అరుగంతా నిండారు.

"నడువుండ్రి లోపలికి!" అని అరిచాడు సేటు.

హలీమా కదల్లేదు. "నా బిడ్డ లోపలికి రావాల్నంటే, ముందుగాల నీ చెట్టును లోపలికి తీస్కపో."

సేటు కుండీల వంక చూశాడు గానీ, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.