రెండోసారి పోసిన పంచదార

నేను ఒక గోధుమరంగు బీరు సీసాను. నాలో ఆరువందల యాభై మిల్లీలీటర్లు పడతాయి. మనుషుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. వాళ్లను నేను చాలా దగ్గరగా చూశాను. మూతి ఆనించి మరీ చూశాను.

ఇసుకా సున్నపురాయీ పగిలిన పాత గాజూ కలిపి నన్ను కొలిమిలో కరిగించారు. అచ్చులో ఊదాక గంటలకొద్దీ నిదానంగా చల్లార్చారు. తొందరపడితే గాజు లోపల కోపం మిగిలిపోతుందని ఆ పనివాళ్లకు తెలుసు. అంత ఓపిక ఉన్న మనిషి మళ్లీ నాకు కనబడటానికి నాలుగేళ్లు పట్టింది.

ఈలోపు కనబడ్డవాళ్లు వేరే రకం. నా మొదటి యజమాని ఒక పెళ్లికొడుకు స్నేహితుడు. పళ్లతో మూత తీసి అదొక ఘనకార్యమని చుట్టూ చూశాడు. సగం తాగాక స్నేహం గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టి, ప్రతి వాక్యానికీ నన్ను కల్వర్టు రాయికేసి కొట్టాడు. నా అడుగున వెంట్రుకంత బీట పడింది. తర్వాత నన్ను ఏరుకున్న పాతసామాన్ల వ్యాపారి నన్ను గోనెలో విసిరాడే తప్ప, తిప్పి చూడలేదు.

అక్కణ్ణుంచి ముప్పై మందిమి విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి చేరాం. కొన్నవాడి పేరు తారకేశ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంట్లో బీరు కాచి, ఆ తతంగమంతా ఫోన్‌లో తీసి లోకానికి చూపించేవాడు. ఇంట్లో కాచుకోవచ్చో లేదో ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటే అతనికి లేదు.

నన్ను కడిగేటప్పుడు వెలుతురుకెత్తి చూశాడు. బీట కనబడింది. కనబడిందని నాకు తెలుసు, ఎందుకంటే దాని మీద గోరు పెట్టి గీశాడు. "ఏం కాదులే" అన్నాడు. అంతటితో ఆగకుండా, ఆరాక తన లేబుళ్లు అంటించి, అందరికంటే తిన్నగా అతికింది నాకేనని మురిసిపోయాడు.

బకెట్‌లో రెండు వారాలు పులిసిన బీరులో బుడగలుండవు. సీసాల్లోకి ఎక్కించే ముందు అందులో కొలిచిన పంచదార పాకం కలపాలి. మూత బిగించాక లోపల మిగిలిన ఈస్టు ఆ పంచదారను తిని గ్యాస్ వదులుతుంది. నురగంటే అదే. ఇరవై లీటర్లకు నూట ఇరవై గ్రాములు. ఎక్కువైతే ఆ గ్యాస్ బయటికి దారి వెతుక్కుంటుంది. ఉన్న దారి ఒక్కటే, మేము పగలడం.

తారకేశ్ సరిగ్గా నూట ఇరవై గ్రాములు తూచాడు. పాకం కాచి చల్లార్చి బకెట్‌లో పోశాడు. ఫోన్ పట్టుకున్నది అతని భార్య హైమ. పోయడం అయ్యాక వీడియో చూసుకుని తల పట్టుకున్నాడు.

"మైక్ ఆన్ చెయ్యలేదు! నేను చెప్పింది ఒక్క ముక్క పడలేదు. మళ్లీ తీద్దాం."

"ఇందాకే పోశావు కదా?"

"అది వీడియోలో లేదు కదా!"

"అయితే మంచినీళ్లు పొయ్యి. చూసేవాళ్లకేం తెలుస్తుంది?"

"నీళ్లు నీళ్లలాగే కనిపిస్తాయి హైమా. పాకం తీగలాగా జారాలి. ఇంకాస్త నురగొస్తుంది, అంతేగా!"

మళ్లీ నూట ఇరవై గ్రాములు తూచాడు. మళ్లీ కాచాడు. ఈసారి మైక్ పనిచేసింది. వీడియోలో లేనిది జరగలేదని నమ్మే జాతికి నేను అంతకంటే ఏం చెప్పను? మమ్మల్ని నింపి, మూతలు బిగించి, వంటగట్టు కింద అలమరలో వరుసగా నిలబెట్టాడు. బయట మే నెల.

ఆ అలమరలో ఉండగానే అతని ఫోన్ మాట ఒకటి విన్నాను. బీచ్ రోడ్డులో ఇందుమతి గారనే ఆవిడ తన హోటల్లో సొంతంగా బీరు కాయించబోతోంది. ఆ పని చూసుకునే మనిషి కావాలి. శనివారం ఐదింటికి వచ్చి ఇతని బీరు రుచి చూస్తానంది. "నేను ఉద్యోగానికి రాజీనామా చేసేశానండీ. ఇక పూర్తిగా ఇదే" అన్నాడు తారకేశ్. ఆ మాట గొంతు తగ్గించి చెప్పాడు. పక్కగదిలో హైమ ఉంది. ఆవిడకు చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం మాలో ఒకడు పేలాడు. తారకేశ్ ముక్కలు ఊడ్చి, "సీసా మంచిది కాదు" అని తీర్పు చెప్పాడు. శనివారం పొద్దున పదింటికి ఇంకొకడు పేలాడు. ఈసారి అలమర తలుపు కీలు ఊడింది. హైమ మొగుడితో వాదించలేదు. అనకాపల్లిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది.

సన్యాసిరావు నలభై ఏళ్లు గోలీసోడా ఫ్యాక్టరీ నడిపాడు. ఆ సోడాలు అడిగేవాళ్లు లేక మిషన్ అమ్మేశాక, ఆయన్ని ఏదైనా అడిగేవాళ్లూ లేకపోయారు. ఎడమ కనుబొమ మీద తెల్లటి గీత ఉంది. అది సీసా పెట్టిందే. పన్నెండున్నరకల్లా తువ్వాలు తలకు చుట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పంచదార ఎంతేసేరు బాబూ?"

"కరెక్ట్‌గానే వేశాను మామయ్యా."

"రెండుసార్లు వేశాడు నాన్నా" అంది హైమ.

"రెండుపాల్లా? ఏటి, మొదటిది మరిసిపోయేరా?"

హైమే చెప్పింది. "వీడియో బాగా రాలేదని."

ముసలాయన అల్లుణ్ణి చాలాసేపు చూశాడు. ఆ చూపులో నా అభిప్రాయమంతా ఉంది. "గోనెసంచులు తడిపి ఇయ్యమ్మా. ఎవులూ ఇటు రాకండి" అని మాత్రం అన్నాడు.

తడిగోనెలు తెచ్చే ఆ రెండు నిమిషాల్లో తారకేశ్ ఒక పని చేశాడు. అలమర చివరనున్న నన్ను చటుక్కున తీసి బాల్కనీలో వాషింగ్ మిషన్ వెనక దాచాడు. గ్యాస్ వదిలేస్తే బీరు చప్పబడిపోతుందని అతని భయం. గ్లాసు నిండా నురగ కనబడకపోతే ఉద్యోగం రాదు. అందుకు ఒక్క సీసా చాలు. తిన్నగా లేబుల్ ఉన్న సీసా.

లోపల సన్యాసిరావు ఒక్కొక్కరినీ తడిగోనెలో చుట్టి, మూతను వెంట్రుకవాసి మాత్రం ఎత్తుతున్నాడు. స్స్ అంటుంది. ఆపుతాడు. మళ్లీ ఎత్తుతాడు. "మెల్లగా. దీనికీ ఊపిరాడాల కదేటి" అని మాకు చెబుతున్నట్టు గొణుక్కుంటాడు. నన్ను చల్లార్చిన కొలిమి మనుషులు గుర్తొచ్చారు.

మూడున్నరకి పని ముగిసింది. "రెండు పేలేయి. ఇక్కడ ఇరవై ఏడున్నాయి. ముప్పై అన్నారే?"

"మొదట్లోనే ఒకటి కిందపడి పగిలింది మామయ్యా" అన్నాడు తారకేశ్.

బాల్కనీ పడమటి ముఖం. ఎండ నా మీదే ఉంది. బీట అడుగునుంచి పైకి పాకడం మొదలుపెట్టింది.

ఐదింటికి ఇందుమతి గారు వచ్చింది. హైమ ఫోన్ పట్టుకుంది. వంటింటి గుమ్మంలో సన్యాసిరావు తడిగోనెలు మడతపెడుతున్నాడు. మైక్ ఆన్ చేసిందో లేదో తారకేశ్ రెండుసార్లు అడిగాడు. అప్పుడు నన్ను రెండు చేతుల్లో తెచ్చి ఆవిడ ముందు బల్లమీద పెట్టాడు.

"స్పెషల్‌గా మీకోసం ఉంచాను మేడం."

"లేబుల్ బావుందే" అని ఆవిడ మొహం వంచి దగ్గరగా చూసింది. నాకూ ఆవిడ కంటికీ మధ్య జానెడు దూరం. నాలోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. ఆ గదిలో అది వినగల చెవులు ఒక్క మనిషికే ఉన్నాయి.

"తప్పుకోండమ్మా!"

తడిగోనె నా మీద పడింది. దాని వెనకే సన్యాసిరావు అరచెయ్యి. మరుక్షణం నేను పేలాను.

గోనె ఆగింది. ఒక ముక్క మాత్రం దాన్ని చీల్చి ఆయన అరచేతిలో దిగింది. ఇందుమతి గారి మొహం మీద బీరు తుంపర్లు తప్ప ఏమీ పడలేదు. ఆవిడ మొహం తుడుచుకుంది. తర్వాత తారకేశ్, "సీసా మంచిది కాదు మేడం" అన్నాడు.

ముసలాయన నెత్తురు కారుతున్న చేతికి తువ్వాలు చుట్టుకుని, ఇంకో చేత్తో తాను గ్యాస్ తీసిన సీసా ఒకటి తెచ్చి గ్లాసులో పోశాడు. నురగ చక్కగా లేచింది. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"బీరు బావుంది. కాచినవాడే నాకు పనికిరాడు. ఇవి ఇంత పద్ధతిగా తెరిచిందెవరు?"

"మా నాన్న" అంది హైమ.

"పెద్దాయనా, మా హోటల్లో సీసాల పని చూస్తారా?"

"నాను తాగనమ్మా."

"మరీ మంచిది."

"మేడం, నేను ఉద్యోగం కూడా మానేసి..." అని తారకేశ్ మొదలుపెట్టి, భార్య అక్కడే ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అవును, రాజీనామా చేశానని ఫోన్‌లో చెప్పారుగా" అంది ఇందుమతి గారు లేస్తూ.

హైమ ఫోన్ దించి బల్లమీద బోర్లా పెట్టింది. "ఇది పడిందిలే. మైక్ ఆన్‌లోనే ఉంది" అంది.

సోమవారం తారకేశ్ పాత ఆఫీసుకు, రాజీనామా పొరపాటున వెళ్లిందని మెయిల్ రాశాడు. వాళ్లు అతన్ని వెనక్కి తీసుకున్నారు, ఒక మెట్టు కిందికి. నా ముక్కలను మాత్రం సన్యాసిరావు గోనెలోనే మూటగట్టి, పనిలో చేరిన రోజు హోటల్‌కి పట్టుకెళ్లాడు. అక్కడ వెనక ప్రహరీ కడుతున్నారు. మేస్త్రీ నా అడుగుభాగాన్ని గోడమీద పచ్చి సిమెంటులో, పదును పైకి పెట్టి పాతాడు.

ఇప్పుడు నా ఉద్యోగం దొంగలు దూకకుండా చూడటం. నేను ఎవరినైతే అసహ్యించుకుంటానో వాళ్ల సొత్తుకే కాపలా. నవ్వుకోవలసింది నేనో మీరో తెలియదు.

నిన్న సాయంత్రం తారకేశ్ వచ్చాడు. మామగారికి క్యారియర్ అందించి, సరిగ్గా నా కింద గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఫోన్ పైకెత్తాడు. "ఫ్రెండ్స్, ఇంట్లో సీసా పేలబోతే ఒక ప్రాణం ఎలా కాపాడానో ఇవాళ చెబుతాను" అన్నాడు. ఎండకు నేను అతని తలమీద తళుక్కుమన్నాను. వీడియో చూసుకున్నాడు. వెనకాల ఏదో మెరుస్తోందని విసుక్కున్నాడు.

రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ మొదటినుంచీ చెప్పాడు.