ముందు సీటు కర్ర

నేను ఒక కర్రను. పేరుకే కర్ర, ఒళ్లంతా లోహపు గొట్టం, తలమీద నల్లరబ్బరు పిడి. ఆ ఉదయం గోదావరి ఒడ్డున ఉన్న చిన్న విమానాశ్రయంలో ఎస్తేరు ఒక ఖాకీ సంచి సర్దుతోంది. దారి గీసిన పటం, మంచినీళ్ల సీసా, ఆకులో కట్టిన ఇడ్లీలు, ఉన్ని మఫ్లరు. మఫ్లరును తీసి మళ్లీ మడిచింది. చివర నన్నూ పెట్టింది. ప్రయాణం ఆమెది కాదు, ఆమెకు విమానం నడపడం నేర్పిన జగ్గరాజు గారిది.

నాకో కవల ఉంది. ఇద్దరినీ ఒకే కార్ఖానాలో చేసి, ఒకే శిక్షణ విమానంలో బిగించారు. గురువు కూర్చునే ముందు సీటులో నేను, శిష్యుల వెనక సీటులో అది. అడుగున ఒకే కడ్డీ మా ఇద్దరినీ కలిపేది. నన్ను వెనక్కి లాగితే విమానం ముక్కెత్తుతుంది, ముందుకు నెడితే దించుతుంది, పక్కకు వంచితే ఆ వైపు రెక్క వాలుతుంది. తోకను తిప్పేది కాళ్ల కింది పెడళ్లు. మీసాలున్న మొనగాళ్లు ఎందరో శత్రువు గొంతు పట్టుకున్నట్టు నన్ను పట్టుకునేవారు. జగ్గరాజు గారు కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. అంత పెద్ద యంత్రం ఆ రెండు వేళ్ల మాట వినేది.

ఎన్ని ఇంజన్లున్నాయి, నేలమీద దిగేదా నీటిమీద దిగేదా అన్నదాన్ని బట్టి విమానాలకు తరగతులుంటాయని, ఒక తరగతికిచ్చిన లైసెన్సు ఇంకోదానికి చెల్లదని ఆయన శిష్యులకు చెప్పేవారు. మనుషులు గాలిలోకి కూడా తరగతులు మోసుకెళ్లారే అని నేను నవ్వుకునేదాన్ని.

ఆయనకొక బలహీనత ఉండేది. శిష్యులు విమానం దింపేటప్పుడు చెప్పకుండా నన్ను కొంచెం లాగేవారు. వెనక కవల కదిలేది. చక్రాలు మెత్తగా ఆనేవి. తామే దింపామని పిల్లలు పొంగిపోయేవారు. ఎస్తేరు మాత్రం పొంగలేదు. ఆసుపత్రి నర్సు కూతురు, మాట దాచుకోదు. దిగగానే అడిగింది.

"దింపింది నేనా అండీ, మీరా?"

"నువ్వేనమ్మా."

"మరి నా చేతిలో కర్ర నాకంటే ముందే కదిలిందేంటండీ?"

ఆయన తల గోక్కున్నారు.

"ఆ ముందు కర్ర పీకేసి సంచిలో పెట్టుకోండి సార్. నేనెంతో అప్పుడు తెలుస్తుంది, మీకూ, నాకూ."

ఒంటరిగా ఎగిరేవాళ్లకు ముందు కర్ర తీసేయడం మామూలే. ఖాళీ సీటులో బెల్టు తగిలి దాన్ని కదిలిస్తే ప్రమాదం. కానీ ఆయన నన్ను విప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. ఆమె ఎగిరింది. ఆయన గడ్డిలో నిలబడి నన్ను రెండు చేతులా పట్టుకున్నారు. విమానం నేలకు దగ్గరవుతుంటే నన్ను మెల్లగా లాగారు. నాకు గాలి తప్ప ఏదీ తగిలించి లేదు. అయినా అది పువ్వు రాలినట్టు దిగింది. ఆ తర్వాత ఎవరు దింపుతున్నా ఆయన చెయ్యి ఒళ్లోనే ఉండేది.

ఎస్తేరు లైసెన్సు తెచ్చుకుని అక్కడే గురువైంది. విమానం ముసలిదైంది. దాన్ని మరమ్మతుకు మద్రాసు చేర్చడానికి జగ్గరాజు గారు ఒక్కరే వెళ్లాలి. ఆ ఉదయం సంచి సర్దాక, సముద్రం వైపు మబ్బు చూసి ఆమె రేపు వెళ్లమంది.

"నీ వయసప్పుడు నేను ఇంత భయపడేవాణ్ణి కాదే" అని ఆయన నవ్వారు. తర్వాత సంచిలోంచి నన్ను తీసి ఆమె చేతికిచ్చారు. "ఇదెందుకే, బరువు. నీ దగ్గరుండనీ. తిరిగొచ్చాక బిగించుకుందాం."

ఒంటరిగా ఎగిరేవాళ్లలాగే ఆయన వెనక సీటులో కూర్చున్నారు, నా కవల ఆయన చేతిలో వెళ్లింది. విమానం పరుగెత్తి మైదానం చివరికి చేరుతుంటే, ఎస్తేరు నన్ను రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. అది లేచింది. ఎంత అందంగా లేచిందో.

ఇప్పుడు నేను ఆమె బల్లమీద ఉంటాను. కొత్తగా వచ్చిన పిల్లల చేతికి మొదట నన్నే ఇస్తుంది, పట్టు నేర్పడానికి.

జగ్గరాజు గారు 1968 నవంబరు 9, శనివారం ఉదయం బయలుదేరారు. తిరిగి రాలేదు.