మామూలు పథ్యం

ఆ బుధవారం పొద్దున సువర్ణ ఆ ఇంటి గడప దాటేసరికి జయంతి పదకొండో చెంబు నీళ్లు తాగుతోంది. లెక్కపెట్టింది అత్త లక్ష్మీనరసమ్మ. పొద్దు పొడిచినప్పటి నుంచి ఆమె గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూనే ఉంది.

కుందుర్పికి ఆరు మైళ్ల అవతలున్న ఆ ఊరికి ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది. ఇంటికి ఇన్ని బిందెలని వంతు. అలాంటి చోట ఒక్క మనిషి పదకొండు చెంబులు తాగితే ఏ అత్తయినా కసురుకుంటుంది. లక్ష్మీనరసమ్మ మాత్రం కోడలి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇది జయంతి దప్పిక కాదు సువర్ణా," అంది గొంతు తగ్గించి. "చౌడమ్మ దప్పిక."

చౌడమ్మ ఆ ఊరి అమ్మవారు. సువర్ణ అక్కడి ఆశా కార్యకర్త. దేవుళ్ల సంగతి తనకెందుకులే అనుకునే మనిషి. కానీ జయంతి చేతిలోని చెంబు పళ్లకు తగిలి టకటకమని మోగుతుంటే ఆమెకు వీపు మీద చెమట చల్లబడింది. ఆ వణుకు భయంతో వచ్చే వణుకులా లేదు. జ్వరంతో వచ్చేలా కూడా లేదు. ఎవరో వెనక నిలబడి ఆ పిల్ల మోచేతులు పట్టుకుని ఊపుతున్నట్టుంది.

జయంతి ఆమెను చూసింది. చూడటానికి చాలాసేపు పట్టింది. కళ్లు ఒకచోట నిలవక పక్కకు జారిపోతున్నాయి.

"అక్కా," అంది నాలుక మందంగా తిప్పుతూ. చెంబు ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. "నీళ్లు... కింద..."

వాకిట్లో కూర్చున్న కుళ్లాయప్ప చటుక్కున లేచాడు. ఆ చుట్టుపక్కల అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలాల్లో తిరిగి బోరు పాయింట్లు చూపించేది ఆయనే. కిందటేడు చూపించిన నాలుగు పాయింట్లలోనూ దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. అప్పటి నుంచి టీకొట్టు దగ్గర ఆయన టెంకాయను చట్నీకి అడుగుతున్నారు.

"ఇన్యారా?" అన్నాడు ఆయన. "నీళ్లు కింద ఉండాయంట. అమ్మ నోటితోనే చెప్పింది."

చెయ్యి వణికి నీళ్లు కింద పడ్డాయని చెప్పబోయిందేమోనని సువర్ణ అంది. ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

జయంతి కథ సువర్ణకు బాగా తెలుసు. కిందటి కార్తీకంలో ఆ పిల్ల తొమ్మిది రోజులు కన్ను మూయలేదు. తాళిబొట్టు తీసి మేక మెడలో కట్టింది. కుందుర్పి బస్సుకు అడ్డం నిలబడి, ఎక్కినవాళ్లందరినీ ఆ మేక పెళ్లికి పిలిచింది. ఊరు నవ్వింది, తర్వాత భయపడింది. సువర్ణే పట్టుబట్టి అనంతపురంలో డాక్టరు హేమ దగ్గరికి తీసుకుపోయింది. ఇది మనసు ఒకసారి మిద్దెకెక్కి ఒకసారి బావిలో పడే జబ్బు అని, లిథియం అనే మాత్ర దాన్ని నేల మీద నిలబెడుతుందని డాక్టరు చెప్పింది. జయంతి విడపనకల్లులో పుట్టింట్లో ఉండి నాలుగు నెలలు ఆ మాత్ర మింగింది. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. ఎండలు ముదిరాక, ఇరవై రోజుల కిందట మొగుడు ఓబులేష్ పోయి పిలుచుకొచ్చాడు. మనిషి బంగారంలా ఉంది.

వచ్చిన రోజే మాత్రల కవరు లక్ష్మీనరసమ్మ చేతికిచ్చింది సువర్ణ. పథ్యమేందని ఆమె అడిగింది. "మామూలే అత్తా," అని సువర్ణ పక్కింటికి పోయింది. ఆ మాట ఆమె రోజుకు పదిసార్లు అంటుంది. జ్వరం మాత్రలకూ అదే, రక్తం పట్టే మాత్రలకూ అదే.

ఇప్పుడు సువర్ణకు ఒక్కటే అనుమానం. మాత్రలు ఆపేసి ఉంటారు, పాత జబ్బు తిరగబెట్టి ఉంటుంది. గూట్లో అట్టలు తీసి చూసింది. రోజుకు రెండు చొప్పున సరిగ్గా సరిపోయాయి. ఒక్కటి కూడా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అది చూశాక ఆమెకు నిజంగా భయమేసింది. మందు తప్పలేదు. మరి ఈ పిల్లను ఊపుతున్నది ఎవరు?

ఈలోగా కుళ్లాయప్ప అంతా కుదిర్చేశాడు. శుక్రవారం ఓబులేష్ చేనికి బోరుబండి వస్తుంది. గురువారమంతా జయంతికి ఒక్కపొద్దు. శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఒట్టికాళ్లతో చేనిలో నడిపిస్తారు. ఎక్కడ పడిపోతే అక్కడ బోరు. ముందు ఆసుపత్రికి పోదామని సువర్ణ ఓబులేష్‌ను బతిమాలింది. అతను తల వంచుకుని, రెండు దినాలే కదా వదినా, బోరు పడినాక పోదామన్నాడు. పదేళ్లుగా ఎండిన చేను అతని ముఖంలోనే కనబడుతోంది. సువర్ణ డాక్టరుకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఏదో ఊళ్లో వైద్యశిబిరంలో ఉందన్నారు. విషయం మెసేజీ పెట్టి, బయటికొస్తూ లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పింది, మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పనీయొద్దని.

ఆమె జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో అది రెండోది. మొదటిది ఇరవై రోజుల కిందటే చేసేసింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆమె ఓబులేష్ చేను గట్టు మీదుగా వాళ్ల ఇంటికి నడిచింది. ఉత్తరం మూల ఆదెన్న గొర్రెల మంద ఆగిపోయి ఉంది. మేయడానికి అక్కడ గడ్డిపరక లేదు. గొర్రెలన్నీ ముందుకాళ్లు వంచి నేలను నాకుతున్నాయి. ఆదెన్న కర్రతో అదిలించినా కదల్లేదు. గట్టు అవతల గాలిమర తిరుగుతుంటే దాని రెక్కల నీడలు ఒక్కొక్కటే వాటి వీపుల మీదుగా పోతున్నాయి.

"ఎప్పుడూ ఇంతే సువర్ణమ్మా," అన్నాడు ఆదెన్న. "ఈడికొస్తే గొర్రెలకు పిచ్చి పడతాది."

సువర్ణ ఆగలేదు. ఇల్లు చేరేసరికి జయంతి లేదు. అప్పుడే పసుపు చీర కట్టి, చేతిలో వేపమండలిచ్చి రోడ్డు మీదుగా బండిలో ఎక్కించుకుపోయారట. లక్ష్మీనరసమ్మ దీపం సర్దుతూ ఒంటరిగా ఉంది. నిన్నటి నుంచి కోడలికి వాంతులని, అమ్మ లోపల చోటు చేసుకుంటోందని చెప్పింది. పొద్దున మాత్ర కూడా మింగించానని చెప్పింది, మెప్పు కోసం చూస్తూ.

అప్పుడు సువర్ణ ఫోను మోగింది. డాక్టరు హేమ.

డాక్టరు నాలుగు ప్రశ్నలు వేసింది. చేతులు పెద్దగా వణుకుతున్నాయా? నడక తూలుతోందా? మాట ముద్దగా వస్తోందా? వాంతులున్నాయా? అన్నింటికీ సువర్ణ అవునంది. అయిదో ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు.

"ఉప్పు తింటోందా?"

సువర్ణ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లక్ష్మీనరసమ్మ వైపు తిరిగి అదే మాట అడిగింది.

లక్ష్మీనరసమ్మ తెల్లబోయింది. "ఉప్పా? మందు మింగే మనిషికి ఉప్పెట్ల పెడతా? నువ్వే కదమ్మా మామూలు పథ్యమంటివి. ఇరవై దినాలాయ, చప్పిడి సంగటి, చప్పిడి పప్పు. గింజ ఉప్పు తగలనీలే."

ఆ వాకిట్లో ఎండ ఒక్కసారి తెల్లబడిపోయినట్టయింది. పచ్చకామెర్లకు పసరు మందు తాగినా, బాలింతకు కాయం పెట్టినా ఆ ఇళ్లలో మొదట మానిపించేది ఉప్పే. అదే వాళ్ల మామూలు. అనంతపురంలో డాక్టరు చెప్పి, చీటీ మీద రాసిచ్చిన మాటలు సువర్ణకు అక్షరం అక్షరం గుర్తుకొచ్చాయి. ఉప్పు, నీళ్లు, తిండి మామూలుగా తీసుకోవాలి. అంత మాటను తను ఒక్క ముక్కకు కుదించింది.

డాక్టరు గొంతు తొందరపడింది. "ఒంట్లో ఉప్పు తగ్గితే ఈ మందు బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది. ఎండ, ఉపవాసం, వాంతులు తోడయితే అదే విషం. ఇక మాత్ర వెయ్యొద్దు. ఎండలో ఉంచొద్దు. ఇప్పుడే, ఈ నిమిషమే బయల్దేరండి. మూర్ఛ వస్తే మనిషి దక్కదు."

లక్ష్మీనరసమ్మకు ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో సువర్ణకే తెలియదు. చెప్పి పరుగెత్తింది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. అరవయ్యేళ్ల లక్ష్మీనరసమ్మ కూడా పరుగెత్తుతోంది.

చేనిలో ఊరంతా ఉంది, కానీ మాట లేదు. బోరుబండి ఇంజను ఆపి నిలబెట్టారు. గాలిమర చప్పుడు ఒక్కటే, పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. కాలే నేల మీద జయంతి ఒంటరిగా నడుస్తోంది. కాళ్లు ఎడంగా వేసి, ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు. పసుపు చీర, విరబోసిన జుట్టు, వేపమండలు చేతిలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఇరవై అడుగుల వెనక కుళ్లాయప్ప సున్నం సంచి పట్టుకుని నడుస్తున్నాడు. ఆమె పోతున్నది ఉత్తరం మూలకు. గొర్రెలు ఆమెను చూసి పారిపోలేదు. పక్కకు జరిగి దారిచ్చాయి.

సువర్ణ గట్టు దిగబోతే ఇద్దరు మగవాళ్లు అడ్డం వచ్చారు. కుళ్లాయప్ప వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు.

"ఎవురూ ముట్టుకోవాకండి. అమ్మ నడుస్తాండాది."

ఇది మందు విషమని, ప్రాణం పోతుందని సువర్ణ అంటే ఎవరో వెనక నుంచి, నీ సూదులకు తగ్గింటే మాకీ అగచాట్లెందుకు అన్నారు. ఓబులేష్ ఆమెను చూసి, కుళ్లాయప్పను చూసి, కదలకుండా ఉండిపోయాడు.

ఆమెను ఆపారు గానీ లక్ష్మీనరసమ్మను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆమె మగవాళ్ల మధ్య నుంచి, కుళ్లాయప్ప పక్క నుంచి నేరుగా పోయింది. కోడలి ముందు నిలబడి ఆ వణికే చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా లేదు, చౌడమ్మా లేదు," అంది ఆమె, ఊరంతటికీ వినబడేలా. "ఇది నేను పెట్టిన చప్పిడి కూడు. నా చేతులారా పెట్టినా. ఓబులేషూ, నీ పెండ్లాం సచ్చిపోతాండాదిరా. ఎత్తుకోరా."

ఓబులేష్ కదిలేలోపే జయంతి మోకాళ్లు వంగిపోయాయి. అత్త చేతుల్లోంచి జారి నేల మీద బోర్లా పడింది. ఆ తర్వాత చూసినదాన్ని సువర్ణ ఎప్పటికీ మరిచిపోలేదు. జయంతి పిడికెడు మట్టి పట్టుకుని నోటికి అద్దుకుంది. తర్వాత పెదాలు నేలకు ఆనించి నాకింది. గొర్రెలు నాకినట్టే, కళ్లు మూసుకుని, ఆబగా. అప్పుడు ఒళ్లంతా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలైంది.

సువర్ణ ఆమెను పక్కకు తిప్పి, నోట్లో మట్టి తీసి, ఊపిరి ఆడేలా పట్టుకుంది. ఓబులేష్ ఎత్తుకుని పరుగెత్తాడు. బోరుబండి వాళ్ల జీపు డ్రైవరు తమిళుడు, జరిగిందేమీ తెలియనివాడు. కానీ తలుపు తీసి పట్టుకున్న మొదటివాడు అతనే. జీపు దుమ్ము లేపుతూ కళ్యాణదుర్గం వైపు మళ్లాక సువర్ణ అద్దంలో చూసింది. కుళ్లాయప్ప జయంతి పడిన చోట సున్నంతో గీత గీస్తున్నాడు.

కళ్యాణదుర్గంలో సెలైను ఎక్కించి అనంతపురం పంపారు. అక్కడ రెండు సార్లు యంత్రం పెట్టి రక్తంలో మందును కడిగేశారు. మూడో రోజు సాయంత్రం వణుకు ఆగింది. నాలుగో రోజు పొద్దున జయంతి కళ్లు ఒకచోట నిలిచాయి. సువర్ణ మంచం పక్కనే ఉంది. ఆ నాలుగు రోజులూ ఆమె ఇంటికి పోలేదు. జరిగిన తప్పు తనదని డాక్టరుకు చెప్పింది, ఓబులేష్‌కు చెప్పింది. లక్ష్మీనరసమ్మకు చెప్పబోతే ఆమె ఒప్పుకోలేదు. నువ్వు మాటన్నావు, వండింది నేను కదా అంది.

"ఆకలేస్తాందా?" అడిగింది సువర్ణ.

జయంతి తల అడ్డంగా ఊపింది. "ఆడ పడినాయా నీళ్లు?"

తెలియదంది సువర్ణ.

"పడింటాయి," అంది జయంతి. "కానీ ఎవురూ తాగలేరులే అక్కా."

అలా అని నిద్రలోకి జారుకుంది. ఓబులేష్ ఫోను మోగినప్పుడు సువర్ణ ఇంకా ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. ఊరి నుంచి చేశారు. సున్నం గీత దగ్గర మూడొందల నలభై అడుగుల్లో గంగ ఎగిరిందట. రెండంగుళాల నీళ్లు. ఊరంతా దోసిళ్లు పట్టి నోట్లో పోసుకుని, ఊరంతా ఉమ్మేసిందట. పచ్చి ఉప్పు.

ఒళ్లు దేనికి అల్లాడితే మనిషిని అక్కడికి లాక్కుపోతుందని, గొర్రెలకు తెలిసిన చోటు ఆ పిల్లకూ తెలిసి ఉంటుందని సువర్ణ తనకు తాను చెప్పుకుంది. నేల చౌడు కాబట్టి నాలుకకు తెలిసిందనుకుంది. అయితే కింద నీళ్లున్నాయని నాలుకకు ఎలా తెలిసిందన్నది మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు.

పదకొండు రోజుల తర్వాత జయంతి ఇంటికొచ్చింది. మందు మార్చారు. కొత్త మాత్రల కవరు సువర్ణ తెచ్చింది. లక్ష్మీనరసమ్మ అలవాటు ప్రకారం అడిగింది.

"పథ్యమేంది సువర్ణా?"

సువర్ణ కూర్చుంది. ఏం తినాలో, ఎంత ఉప్పు వెయ్యాలో, ఎన్ని నీళ్లు తాగాలో, వాంతులయితే ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకుంది. అరగంట పట్టింది. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఆమె నోటి వెంట మామూలే అన్న మాట రాలేదు.

చెప్పడం అయ్యాక జయంతి కోసం చూస్తే ఇంట్లో లేదు. సువర్ణ, లక్ష్మీనరసమ్మ వెతుక్కుంటూ చేనికి పోయారు. బోరు చుట్టూ నీళ్లు ఎండి నేల తెల్లగా పొరకట్టింది. ఆదెన్న మంద మొత్తం అక్కడే ఉంది, తలలు దించుకుని. వాటి మధ్యలో జయంతి నిలబడి ఉంది, రెండు చేతులూ ముందుకు చాపి. వణుకు లేదు. ఆకు కదిలినంత కూడా లేదు.

"ఏమ్మే, ఏం చేస్తాండావీడ?" అంది లక్ష్మీనరసమ్మ.

జయంతి చేతులు దించకుండానే తల తిప్పి నవ్వింది.

"ఏం లేదత్తా," అంది. "మామూలే."