తలుపు తెరిచి కాల్చిన కూర

ఎరుపు.

రైలు పట్టాల అవతల కల్లాలన్నీ ఎరుపు. ఆరబోసిన మిరపకాయలు ఎండలో గలగలమంటున్నాయి. కాస్త గాలి కదిలితే చాలు — ఆ ఘాటు పట్టాలు దాటి, గోడలు దాటి, నల్లపాడులో జయకుమారి వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది.

జయకుమారి తుమ్మింది. తుమ్మి, నవ్వుకుంది. అరవై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసిన చేతులు. అయినా ముక్కుకు ఇంకా అలవాటు కాలేదు.

ఆమె ముందు పళ్లెం. పళ్లెంలో దున్నపోతు మాంసం. ఆ వీధిలో వాళ్లు గొంతు తగ్గించి ‘పెద్దకూర’ అనుకునేది.

నాలుగు ముక్కలు. నాలుగే. ఒక్కొక్కటి అరచెయ్యంత వెడల్పు, రెండు వేళ్ల మందం.

“ఇదేంటే? మాంసం కొట్టు ఉస్మాన్ ముక్కలు కొట్టివ్వలేదా?”

“నేనే వద్దన్నా నానమ్మా. స్టేక్ అంటే ఇంతే. మనిషికి ఒకటి.”

మనిషికి ఒకటి...

ఆ మాట జయకుమారికి ఎక్కలేదు. ఆ ఇంట్లో మాంసం అంటే ఉసిరికాయంత ముక్కలు. ఒకప్పుడు పదకొండు నోళ్లున్న ఇల్లు అది. అరకిలో తెచ్చినా అందరి కంచాల్లోకీ రావాలి. ఆఖరున కూర్చునే కోడలి కంచంలోకి మాత్రం పులుసు వచ్చేది. అదృష్టం బాగున్న రోజు, పులుసులో ఒక ఎముక.

ఆ కోడలు జయకుమారే.

జాస్మిన్ ఆమె కొడుకు కూతురు. హోటల్ వంట చదివింది. చదువైపోయి రెండేళ్లు. ఎక్కడికెళ్లినా ఉల్లిపాయలు తరగమన్నారు. ఇప్పుడు గుంటూరులో నగ్మా అనే ఆవిడ, బొగ్గుల మీద కాల్చిపెట్టే హోటల్ ఒకటి తెరవబోతోంది. అక్కడ నిప్పుల ముందు నిలబడాలని జాస్మిన్ ఆశ. మొన్న మిరియాలూ వెన్నా పట్టించి ఆవిడకు స్టేక్ చేసి పెట్టింది. నగ్మా నెమ్మదిగా తిన్నది.

“బాగుంది జాస్మిన్. కానీ ఇది ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఇంట్లో మాత్రమే దొరికేది ఏదైనా ఉందా? ఆదివారం నేనే వస్తా. అప్పుడు చెప్తా, నిన్ను తీసుకునేదీ లేనిదీ.”

మీ ఇంట్లో మాత్రమే దొరికేది.

వెంటనే నాలుక మీదికి ఒక్కటే వచ్చింది — నానమ్మ తునకలు. ఉప్పూ కారం పట్టించి, రెండు రోజులు ఆరబెట్టి, నిప్పుల మీద కాల్చే తునకలు.

అడగ్గానే జయకుమారి తల అడ్డంగా ఊపింది.

“అది పదిమందిలో పెట్టే తిండి కాదే.”

ఎందుకు కాదో చెప్పలేదు.

చెప్పాలంటే నలభై మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పుడామె కొత్త కోడలు. పెరట్లో తీగ మీద తునకలు. పక్కనే ఆమె పెళ్లి చీర. ఎండ రెండింటినీ ఒకేలా ఆరబెడుతోంది. కాయ కోతకు పిలవడానికి వచ్చిన రైతు కూతురు పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“అబ్బ... ఏం కంపే ఇది!”

అంతే. ఒక్క మాట.

ఆ రోజు నుంచి తునకలు ఇంటి లోపలే ఆరాయి. అటక మీద, చాప చాటున. లోపలే కాలాయి — తలుపు వేసి, కిటికీలో గోనెపట్టా కుక్కి. కళ్లు మండితే మండనీ. వాసన గడప దాటకూడదు.

నలభై మూడేళ్లు, దాటలేదు.

కానీ మనవరాలు అడుగుతోంది. బతిమాలడం లేదు, అలగడం లేదు. ఊరికే ఎదురుగా కూర్చుని చూస్తోంది. ఆ చూపుకే జయకుమారి మెత్తబడింది.

“సరే. తలుపు వేసుకునే కాలుద్దాం. ఒప్పుకుంటావా?”

జాస్మిన్ ఒప్పుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, ఆ పెద్ద ముక్కలకు తునకల కారం నూరడానికి రోలు ముందు కూర్చున్నారిద్దరూ.

రాళ్లుప్పు. పసుపు. పొట్టు తీయని వెల్లుల్లి. తాలుకాయలు.

తాలుకాయలంటే రంగు పోయి తెల్లబోయిన మిరపకాయలు. అమ్మకానికి పనికిరావని ఏరేసి కూలీల ఒళ్లో పోసేవి. జయకుమారి అత్త వాటితోనే ఈ కారం నూరేది. ఎర్రకాయ వేస్తే ఈ రుచి రాదని ఆవిడ వాదన. ఎర్రకాయ ఇంట్లో లేదన్నది అసలు సంగతి.

“ఇందులో కాస్త వెన్న వేస్తే నానమ్మా...”

“వెన్న లోపల పెట్టు.”

“పచ్చి బొప్పాయి? ముక్క మెత్తబడుద్ది.”

జయకుమారి ఆలోచించింది. నిన్న ఒక చిన్న ముక్కకు బొప్పాయి పట్టించి మూడు గంటలు ఉంచారు. అది కాలలేదు, కరిగింది. చంటిపిల్లకు పెట్టొచ్చు అనుకుని పడీపడీ నవ్వారు.

“గంట. అంతకు నిమిషం ఎక్కువొద్దు.”

వెన్న పోయింది, వేరుశనగ నూనె వచ్చింది. రెండు రోజులు ఆరబెట్టడం పోయింది, గంట నానబెట్టడం వచ్చింది. అత్త చూస్తే ఏమనేదో... జయకుమారి పైకి చూసి, “కోప్పడకు,” అన్నది.

ముసలి చేయి, పడుచు చేయి. ఒకే పళ్లెంలో, ఒకే కారం. రుద్దుతూ... తిప్పుతూ... మళ్లీ రుద్దుతూ.

మూడింటికి నగ్మా వచ్చింది. లోపలికి రాగానే జయకుమారి తలుపు గడియ పెట్టింది. నగ్మా ఒకసారి తలుపు వైపు చూసింది.

కుంపట్లో తుమ్మబొగ్గులు ఎర్రబడ్డాయి. పైన ఇనపజాలీ. జాస్మిన్ మొదటి రెండు ముక్కలు పరిచింది.

చుర్ర్...

నూనె బొట్టు నిప్పు మీద పడింది. దాని వెంట కారం పడింది.

ఆ తర్వాత జరిగినదానికి ఎవరూ సిద్ధంగా లేరు.

ఘాటు లేచింది. మామూలుగా లేవలేదు — గదినంతా పట్టుకుంది. ఉసిరికాయంత ముక్కల నుంచి ఎన్నడూ ఇంత నూనె కారలేదు, ఇంత పొగ రాలేదు. జాస్మిన్ దగ్గింది. జయకుమారి దగ్గింది. నగ్మా తుమ్ముతూ దగ్గుతూ, చున్నీ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

జయకుమారి చూసింది.

చెంగు. ముక్కు. అడ్డం.

ఆమె దగ్గు ఆగిపోయింది.

చున్నీ పక్కకు జారింది. దాని వెనక నగ్మా నవ్వుతోంది. కళ్ల వెంట నీళ్లు ధారలు.

“అమ్మా! ఇంత మంచి వాసన... లోపల దాచిపెట్టి... మమ్మల్ని చంపేస్తున్నారేంటండీ!”

జయకుమారి కుంపటి వైపు తిరిగింది. మనవరాలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా ఆ పిల్ల కుంపటి వదలకుండా, పట్టకారతో ముక్కలు తిప్పుతూనే ఉంది. తలుపు తీయమని ఒక్క మాట అనలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

అది చూసి జయకుమారి కదిలింది.

గడియ తీసింది. కిటికీలోంచి గోనెపట్టా లాగింది. దాన్నే రెండు మడతలు పెట్టి, కుంపటికి అటొక చేయి ఇటొక చేయి వేసి, నిప్పులతో సహా ఎత్తి — వాకిట్లో పెట్టింది. వీధి వైపు.

“ఇప్పుడు కాల్చవే.”

పొగ లేచింది. నీలంగా, సన్నగా. గోడ ఎక్కింది. గోడ దిగింది. వీధిలోకి నడిచింది.

జయకుమారి వీధిలో అటూ ఇటూ చూసింది. ఎవరో ఒకరు అంటారు. ఇప్పుడంటారు. ఇదిగో...

పక్కింటి గోడ మీద చాంద్‌బీ తల లేచింది.

“జయా! ఏంటే ఆ వాసన? మంచం మీద పడుకున్నదాన్ని లాక్కొచ్చింది. ఒక ముక్క ఉంచు, వస్తున్నా!”

ఉంచు, వస్తున్నా.

ఆనాటి ఆ ఒక్క మాటకూ ఈ మాటకూ ఎంత దూరం! జయకుమారి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఘాటు, అన్నది. ఎవరూ అడగకుండానే.

ముక్కలు దిగాయి. జాస్మిన్ వాటిని పళ్లెంలో పెట్టి మూత వేసింది.

“మూతెందుకే? చల్లారిపోతాయి!”

“ఐదు నిమిషాలు నానమ్మా. రసం లోపలికి సర్దుకోవాలి.”

నలుగురు ఆడవాళ్లు. ఒక మూత. ఐదు నిమిషాలు. ఇంత పొడుగు ఐదు నిమిషాలు ఆ వాకిట్లో ఎప్పుడూ గడవలేదు.

మూత తీశారు.

నగ్మాకు ఒకటి. చాంద్‌బీకి ఒకటి. జాస్మిన్‌కు ఒకటి. నాలుగోది జయకుమారి కంచంలో — అంచుల్లో నల్లగా, మధ్యలో గోధుమరంగుగా, నిండుగా. ఆమె చేయి అలవాటుగా దాన్ని చీల్చబోయింది. సగం కొడుకు మార్క్‌కు, పాపం లోడు దింపి సాయంత్రానికి వస్తాడు... సగం ఇంకెవరికో...

“నాన్నకు వేరే ఉంచా, ఉస్మాన్ దగ్గర ఐదోది కూడా తెచ్చా,” అన్నది జాస్మిన్. “అది మొత్తం నీదే.”

మొత్తం.

జయకుమారి రెండు చేతులా పట్టుకుని కొరికింది.

ఉప్పు వచ్చింది. వెల్లుల్లి వచ్చింది. తాలుకాయ ఆలస్యంగా, మెల్లగా వెలిగింది. ఆ తర్వాత మాంసం — ఎముక కాదు, పులుసు కాదు, పంచగా మిగిలింది కాదు. మాంసం. నమిలేకొద్దీ ఇంకా ఉంది. నమిలేకొద్దీ ఇంకా...

ఆమె కళ్లు మూసుకుని నమిలింది.

కాసేపటికి నగ్మా అడిగింది. “మెనూలో దీన్నేమని రాద్దాం?”

“గుంటూరు స్పైసీ స్టేక్?” అన్నది జాస్మిన్, బెరుగ్గా.

“పెద్దకూర అని రాయండి,” అన్నది జయకుమారి. గొంతు తగ్గించలేదు.

నగ్మా చేయి ఆగింది. “ఆ మాట చూసి కొంతమంది లోపలికే రారేమోనమ్మా.”

“రాకపోతే పోనీయండి. వచ్చినోళ్లకి తెలియాలిగా, ఏం తింటున్నారో.”

జాస్మిన్ ముక్క కంచంలో పెట్టేసింది. చాంద్‌బీ కూడా నమలడం ఆపి చూసింది. ముగ్గురూ నగ్మా వైపే — ఆ పేరుకు ఔనంటుందా, కాదంటుందా...

నగ్మా కంచంలో మిగిలిన ముక్కంతా ఒకేసారి నోట్లో పెట్టుకుంది. రెండో చేత్తో, ఆగమన్నట్టు సైగ చేసింది.

జవాబు చెప్పాలంటే నోరు ఖాళీ కావాలి కదా.