లీకు దీపం

ఆ ఇంట్లో అందరూ అతన్ని ఇంజనీరు అంటారు. చదివి కాదు లెండి, వృత్తికి దర్జీ. కోటు కుట్టాడంటే వంక పెట్టేవాడు ఇంకా పుట్టాలి. అంతటితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. చేతికి స్క్రూడ్రైవర్ తగిలిందంటే మాత్రం మనిషి మనిషిలా ఉండడు. మిక్సీ విప్పాడు, అది మళ్లీ తిరగలేదు. ఇస్త్రీపెట్టె విప్పాడు, బిగించాక రెండు మరలు మిగిలాయి. "మిగిలాయంటే అవి అనవసరమన్నమాట" అన్నాడు మహానుభావుడు! కార్ల ఏసీలు బాగుచేసే అతని బావమరిది ఆ ముక్కను చుట్టాలందరి ముందూ గొంతు మార్చి, చేతులు తిప్పి మరీ చెప్పాడు. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. కట్టుకున్న భార్య కూడా నవ్వింది. ఇంజనీరూ పైకి నవ్వాడు గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

అలాంటివాడు ఇప్పుడు అదే బావమరిది షెడ్డులో, తన ఇరవయ్యేళ్ల కారు పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

సంగతేమిటంటే, ఆ కారులో ఏసీ చల్లబడటం మానేసింది. అంతకుముందూ ఒకసారి ఇలాగే మానేస్తే, బావమరిది దగ్గరికి రావడానికి మొహం చెల్లక, గ్యాసుపొయ్యిలు బాగుచేసే ఒకడిని పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఏసీ గొట్టాల్లోకి వంటగ్యాసు ఎక్కించారు. అవునండీ, వంటగ్యాసే! ఆ పాత ఏసీల్లో నింపే గ్యాసుకి నిప్పు అంటుకోదు. ఇదో, అగ్గిపుల్ల ఎప్పుడు గీస్తారా అని కాచుక్కూర్చునే గ్యాసు. చల్లగాలి వచ్చిన మాట నిజమే. ఇంజనీరు నాలుగు రోజులు మీసం మెలేశాడు. ఆ తర్వాత చల్లదనం పోయి కంపు మిగిలింది. కంపు బయటపడకుండా సీటు కింద ఒక సెంటు సీసా ఒంపేశాడు.

ఇందాక బావమరిది బానెట్ ఎత్తుతూ, "లాస్టు గ్యాసెక్కడ పట్టించావు బావా?" అని అడిగాడు.

"పెద్ద షోరూములోనే" అన్నాడు ఇంజనీరు. రెప్ప కూడా వెయ్యలేదు.

పక్క షెడ్డులో ఎవరిదో వ్యానుకు రంగు కొడుతున్నారు. ఆ థిన్నర్ ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది. అది పిల్లాడికి తగలకూడదని కారు అద్దాలన్నీ బిగించుకుని, వెనక సీట్లో కూర్చుంది ఇంజనీరు భార్య. పళ్లొచ్చే వయసు పిల్లాడు, పొద్దుటినుంచీ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే తల్లి ఒళ్లో కన్ను మూశాడు. ముందు సీటు ఎదురుగా ఉండే అర పెట్టెను బావమరిది అప్పటికే ఊడదీసి పక్కన పెట్టాడు. లోపల నల్లటి గొట్టాలు, వాటి వెనక చల్లటి గాలినిచ్చే కాయిలు కనపడుతున్నాయి.

"లీకు లోపలే బావా, కాయిల్లోనే. లైన్లో ఇంకా కాస్త ప్రెషరుంది, పట్టేస్తా. ఉండు, మా గురువుగారి దీపం తెస్తాను."

"దీపమా?"

"లీకు దీపం. చూళ్ళేదూ?"

బల్ల కింద నుంచి తీశాడు. ఇత్తడి బుడ్డి, పైన చిన్న మంట వచ్చే మూతి, పక్కన సన్నటి రబ్బరు గొట్టం. ఆ గొట్టం కొసను ఏసీ పైపుల వెంట జరుపుకుంటూ పోతే, గ్యాసు కారుతున్న చోట నీలం మంట ఆకుపచ్చగా మారుతుందట. "మిషన్లు అబద్ధం చెప్తాయేమో గానీ, ఇది చెప్పదు" అన్నాడు బావమరిది, బుడ్డిని గుడ్డతో తుడుస్తూ.

ఇంజనీరుకు అప్పుడు అర్థమైంది. మంటను కారులోకి తీసుకెళతాడు. మూసిన కారులోకి.

"సబ్బునీళ్లతో చూడొచ్చు కదరా?" అన్నాడు.

"ఇంజనీరుగారు సెలవిచ్చారండీ!" బావమరిది చేతులు జోడించాడు. "కాయిలు లోపలుంది బావా. నురగ కనపడాలంటే డ్యాష్‌బోర్డంతా పీకాలి. పీకుతావా? మరి ఈసారి ఎన్ని మరలు మిగులుస్తావు?"

తన జోకుకి తనే పడీపడీ నవ్వాడు. చెప్పాల్సిన మాటను ఇంజనీరు మింగేశాడు.

కారు అద్దం ఒక అంగుళం దిగింది. "ఏమండీ, ఇక్కడేదో పొయ్యి వాసనలా వస్తోంది. తలనొప్పిగా ఉంది నాకు."

"పక్కన రంగు కొడుతున్నారు కదే, అదే" అన్నాడు. ఆ మాట తనే అన్నాడా అని తనకే అనుమానం వచ్చింది. వెంటనే దగ్గరికెళ్లి, "పోనీ దిగరాదూ? బయట గాలికి కూర్చుందువు" అన్నాడు.

"ఇప్పుడే పడుకున్నాడు బాబూ! లేపారంటే సాయంత్రందాకా మీరే ఎత్తుకు తిప్పాలి." అద్దం మళ్లీ పైకి పోయింది.

మీరైతే ఏం చేసేవారని నేనడగను. అరిచి చెప్పేవాళ్లమంటారు. ఎవరైనా అలాగే అంటారు. ఇంజనీరు మాత్రం అక్కడ నిలబడి లెక్కలు వేసుకున్నాడు. గ్యాసంతా ఈపాటికి కారిపోయే ఉంటుంది. ఉన్నా ఎంతని ఉంటుంది, చెంచాడు. ఏమీ కాదు. చెప్పానా, ఇక జన్మంతా చెప్పుకుంటారు. రేపు ఈ పిల్లాడు పెద్దవాడై, మేనమామ నోటి నుంచి విని, వాడూ నవ్వుతాడు. ఏమీ కాదులే. ఏమీ కాదులే, ఏమీ కాదులే.

టప్పున బల్ల దగ్గర దీపం అంటుకుంది. బెత్తెడు నీలం మంట. బావమరిది దాన్ని పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తూ వస్తున్నాడు.

"ఒరేయ్" అన్నాడు ఇంజనీరు.

బావమరిది ఆగాడు. "ఏంటి బావా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది చెప్పండి! మనిషి ఆగాడు, చెవి ఇచ్చాడు, మంట ఇంకా బయటే ఉంది.

"ఏం లేదు" అన్నాడు ఇంజనీరు.

బావమరిది ఎడమ చేత్తో ముందు తలుపు తీశాడు. సెంటూ, దాని కింద కుళ్లిన వాసనా కలిసి గుప్పున బయటికొచ్చాయి. వెనక సీట్లో పిల్లాడి కాలు ఒకటి తల్లి చేతి మీంచి వేలాడుతోంది. మేజోడు సగం ఊడి ఉంది.

అప్పుడు దూకాడు ఇంజనీరు. ఎలా దూకాడో అతనికే తెలీదు. కుడిచేత్తో మంట మూతినే గుప్పిట పట్టి బావమరిది చేతిలోంచి లాక్కుని, వాకిట్లోకి పరుగెత్తి, రేడియేటర్లు ముంచి చూసే నీళ్ల తొట్లో పడేశాడు. అది బుస్సుమంటూ మునిగింది.

"వంటగ్యాసురా! అందులో వంటగ్యాసు పోయించాను! మీ అక్కను దింపు, పిల్లాణ్ణి దింపు!"

బావమరిది క్షణం బిత్తరపోయాడు. తర్వాత వెనక తలుపు లాగి, అక్కనూ పిల్లాణ్ణీ కలిపి ఎత్తినంత పని చేసి రోడ్డు అవతలికి నడిపించుకుపోయాడు. తిరిగొచ్చి కారు తలుపులన్నీ బార్లా తెరిచాడు. ఆపైన నేల మీద కూలబడ్డాడు.

ఇంజనీరు ఎదురుచూశాడు. ఇప్పుడు నవ్వుతాడు. నవ్వరా నాయనా, జన్మంతా నవ్వుకో, నువ్వు చెప్పిన చోటల్లా నేనూ వచ్చి నిలబడతాను.

బావమరిది నవ్వలేదు. "అక్క లోపలుంది బావా" అన్నాడు. అంతే అన్నాడు.

పిల్లాడు లేచి ఏడుస్తుంటే తమ్ముడి చేతికిచ్చి, ఆమె మొగుణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. అరచేయి, మూడు వేళ్లు కాలి తోలు లేచిపోయింది. కత్తెర పట్టే చెయ్యి. గ్లాసు పగిలితే వీధి చివరిదాకా వినపడేలా అరిచే మనిషి, ఇప్పుడు నోరెత్తకుండా నీళ్లు పోస్తోంది. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

"బావకు ఆఖరి నిమిషంలో గుర్తొచ్చినట్టుంది. పోనీలే అక్కా, గండం గడిచింది" అన్నాడు తమ్ముడు, పిల్లాణ్ణి భుజాన వేసుకుని తడుతూ.

పాపం, మంచికే అన్నాడు. అవునంటే సరిపోయేది. అవునందామనే ఇంజనీరు నోరు తెరిచాడు. ఆమె తలెత్తి చూసింది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా, ముందే తెలుసా?"

"తెలుసు."

"వాసనొస్తోందని నేనన్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"వాడు నవ్వుతాడని" అన్నాడు.

పైకి అనేసరికి ఆ మాట ఎంత చిన్నదో అతనికే వినపడింది. ఆమె కుళాయి కట్టేసి, పిల్లాడి తుండుగుడ్డల్లో శుభ్రంగా ఉన్నది చూసి తడిపి అతని చేతికి చుట్టింది. గట్టిగా కాదు, వదులుగా కాదు, ఎంత చుట్టాలో అంతే చుట్టింది. తమ్ముడి దగ్గర పిల్లాణ్ణి తీసుకుంది.

"మేం బస్సులో వెళ్తాంరా" అంది తమ్ముడితో.

కారు అక్కడే ఉండిపోయింది. బస్సు దాదాపు ఖాళీగా వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, వాడి బట్టల సంచిని పక్క సీట్లో పెట్టుకుంది. ఇంజనీరు వెనకాలే ఎక్కాడు. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఆ సీటు పక్కనే నిలబడ్డాడు. కండక్టరు వచ్చి టికెట్లు కొడుతూ, "కూర్చోండి సార్, అంత ఖాళీ ఉంటే!" అన్నాడు. పరవాలేదన్నాడు ఇంజనీరు. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. సంచి కాస్త తియ్యమని అడగడానికి భయమేసి, ఇల్లు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.