చూసినోడు

బంగారం మీద పరిశోధన చేస్తున్నానని ప్రొద్దుటూరులో ఎవరితో అన్నా వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని క్యారెట్లు మేడమ్?" డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ప్రేమకుమారికి ఆ ప్రశ్న ఆరేళ్ళుగా అలవాటైపోయింది. ఆమె బంగారం మెడలో వేసుకునేదీ కాదు, కుదువ పెట్టేదీ కాదు. ఒక బంగారు పరమాణువు కేంద్రకాన్ని మహావేగంతో తోలుకొచ్చి ఇంకో బంగారు కేంద్రకానికి గుద్దిస్తే, లోపలి కణాలన్నీ చెల్లాచెదురుగా పోతాయా, లేక ఒక్క గుంపుగా ఒకే దిక్కుకు పారతాయా అన్నది ఆమె లెక్క. దానికి సామూహిక ప్రవాహమని పేరు. గుద్దించేది ఎక్కడో విదేశాల్లో. ఈమె సెలవుల్లో తిరుపతి పోయి, యూనివర్సిటీ కంప్యూటర్ ముందు వరుసలో కూచుని, ఆ గుద్దుడును అంకెల్లో నడిపించి, చాంతాడంత పొడుగు కాగితాలను చంకన పెట్టుకుని బస్సులో జమ్మలమడుగుకు తెచ్చుకునేది.

కథ మాత్రం బంగారంతో మొదలు కాలేదు, ఒక రాగి తీగ చుట్టతో మొదలైంది.

తొంభైమూడు మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలు పెట్టడానికి ప్రేమకుమారి పులివెందుల పోయింది. తిరుగు బస్సులో పక్క సీట్లో కూచున్న మనిషి బరువైన గోతం సంచిని ఆమె కాళ్ళ దగ్గరికి జరుపుతూ, "ఏమనుకోవద్దు మేడమ్, బేరింగులుండాయి, పైన పెడితే ఎవురి నెత్తినన్నా పడ్తాయి" అన్నాడు. పేరు చాంద్ బాషా, జమ్మలమడుగే, మోటర్లకు వైండింగ్ చేస్తాడు. సంచి మూతి విప్పి చూపించాడు కూడా. కొత్త రాగి తీగ చుట్టలు, నూనె కాగితంలో చుట్టిన బేరింగులు, పైన ఒక టిఫిన్ డబ్బా. "మిట్టోళ్ళ పెద్దాయన చీనీ తోటలో మోటరు కాలి రెండు దినాలాయ. చెట్లు ఎండిపోతాండాయంట" అని, దారిలో బత్తాయి తోటలున్న ఒక స్టేజీ దగ్గర దిగాడు.

అప్పట్లో ఆ తట్టున రెండు పార్టీలు. పార్టీ అంటే ఎలక్షన్ల పార్టీ అని పొరబడకండి. ఎలక్షన్ల పార్టీలు ఐదేళ్ళకొకసారి కండువా మార్చేవి. ఈ పార్టీలు తాతల నాటివి. మిట్ట మీది ఊళ్ళవాళ్ళు ఒక పార్టీ, ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఇంకో పార్టీ. జీపులు కనబడితే అంగళ్ళవాళ్ళు షట్టర్లు దించేవాళ్ళు. దించే వ్యవధి లేనివాళ్ళు గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళు. దాన్ని పిరికితనమనకండి, అదొక కాయిదా, ఊరి కట్టుబాటు. చూడలేదని చెప్పాలంటే ముందు చూడకుండా ఉండాలి కదా. ప్రేమకుమారి అవ్వ యేసమ్మ ఆ కాయిదాను బైబిల్ వాక్యంతో కలిపి నేర్పింది. "అబద్ధం చెప్పగూడదు పాపా. అందుకని చూడగూడదు."

ఆ రోజు చాంద్ బాషా దిగిన స్టేజీ దగ్గర, బస్సు ఇంకా కదలకముందే, ఏటివాళ్ళ జీపు ముందు, మిట్టవాళ్ళ జీపు వెనక, దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. బస్సులో జనం తలలు సీట్ల కిందికి దించేశారు. ప్రేమకుమారి దించలేదు. ధైర్యమేమీ కాదు, ఆ క్షణాన మెడ వంగలేదు, అంతే. సంచి భుజాన వేసుకుని రోడ్డు పక్కన నిలబడిన మనిషిని చూసి మిట్ట జీపులోంచి ఎవరో, "బాంబుల సంచిరా!" అని అరవడం విన్నది. తర్వాత జరిగింది కూడా చూసింది. తాను ఎవరి తోటకు నీళ్ళు పారించడానికి పోతున్నాడో ఆ మనుషుల చేతుల్లోనే చాంద్ బాషా పోయాడు. ముందు జీపులోని ఏటి పార్టీవాడు ఒకడు కూడా పోయాడు.

చచ్చిన చాంద్ బాషాను రెండు పార్టీలూ పంచుకున్నాయి. బాంబులు మోసుకొస్తుంటే అడ్డుకున్నామని మిట్టవాళ్ళు చెప్పారు. తమ లెక్కలో ఇంకో శవం కలుస్తుంది గదా అని ఏటివాళ్ళు, మావాడే, మాకోసం ప్రాణమిచ్చినాడు అన్నారు. ఇద్దరూ ఒక్కమాట మీద ఉండేసరికి పోలీసు కాగితాల్లోనూ అదే ఎక్కింది.

మూడు వారాలకు చాంద్ బాషా భార్య దిల్షాద్‌బీ, మరిది రహమాన్‌ను వెంటబెట్టుకుని ప్రేమకుమారి ఇంటికి వచ్చింది. రహమాన్‌కు ఇరవై రెండేళ్ళు, అన్న దగ్గరే పని నేర్చినవాడు.

"కండక్టర్ చెప్పినాడు మేడమ్, మా ఆయన మీ పక్కనే కూచున్నాడంట. సంచిలో ఏముండెనో మీరు ఒక్క మాట చెప్తే చాలు. మేం పార్టీవాళ్ళం కాదు. ఆ పేరు పోకపోతే రేపు వీడు ఏ ఊర్లో మోటరు దించాలన్నా భయమే."

ప్రేమకుమారి గుమ్మంలో నిలబడి చెప్పింది. "నేను చూడలా."

రహమాన్ ఆమె మొహంలోకి చూశాడు, అంతే. దిల్షాద్‌బీ, "పోనీలే మేడమ్" అని చెప్పులు వేసుకుంది. ఆ "పోనీలే" ముల్లులా దిగింది.

ఆ ఎండాకాలంలోనే ఆమె థీసిస్ మూడో అధ్యాయం రాసింది. తండ్రి ఆనందయ్య మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఫిజిక్స్ తెలియదు గానీ కామా తప్పు పడితే పెన్సిల్ ఊరుకోదు.

"ఈ పార్టిసిపెంట్లు, స్పెక్టేటర్లు ఏంది పాపా?"

"రెండు కేంద్రకాలూ నడిమధ్యన గుద్దుకోవు నాయనా, కొంచెం పక్కకు తగుల్తాయి. ఎదురెదురు పడిన కణాలు పార్టిసిపెంట్లు. అంచున పోయేటివి స్పెక్టేటర్లు."

"అంటే పార్టీ మనుషులు, చూసినోళ్ళు."

"అట్లే అనుకో."

"చూసినోళ్ళకేమయితాది?"

"ఏం కాదు. వాళ్ళ దోవన వాళ్ళు పోతారు."

ఆనందయ్య కళ్ళద్దాల మీదుగా చూసి, "అయితే ఆ బంగారం మన తట్టుది కాదులే" అని పేజీ తిప్పాడు. ఆమె అధ్యాయంలో ఈ వాక్యాన్ని అట్లాగే ఉంచింది: స్పెక్టేటర్లు గుద్దుడుతో నిమిత్తం లేకుండా తమ దారిన సాగిపోతాయి.

థీసిస్ పోయింది. పరీక్షకుల దగ్గర నానింది. తొంభైఐదు జూన్‌లో ఉత్తరాది నుంచి ఒక పరీక్షకుడి రిపోర్టు వచ్చింది. పని మెచ్చుకున్నాడు. కింద ఒక అభ్యంతరం. "మూడో అధ్యాయంలో ఈ వాక్యం ఎందుకు రాశారో అర్థం కాలేదు. మీ సొంత పట్టిక చూడండి. పక్కనున్న కణాలు కూడా ఒకవైపుకు నెట్టబడ్డాయని మీ అంకెలే చెబుతున్నాయి. అసలు ఢీ ఏ దిక్కున జరిగిందో మనకు తెలిసేదే ఈ స్పెక్టేటర్లు ఎటు ఒరిగాయో చూసి కదా? అవి చెప్పకపోతే ప్రవాహాన్ని ఏ దిక్కున కొలుస్తారు? అంకెలు సరిగ్గా కట్టి, మాట మాత్రం తప్పు రాశారు."

ప్రేమకుమారి చాంతాడు కాగితాలు తీసి నేలమీద పరిచింది. అంకెలు అక్కడే ఉన్నాయి. తన చేత్తో కింద గీత కూడా గీసుకుంది. చూసి, గీత గీసి, ఏం కాలేదని రాసింది. ఈ తప్పు ఇంకే ఊరివాళ్ళూ చేయరు. ఇట్లా రాయడానికి ఈ మట్టిలో పుట్టి, గోడవైపు తిరగడం నేర్చుకుని ఉండాలి. ఆమెకు సిగ్గేసింది. పరీక్షకుడి ముందు కాదు, ఆనాడు గుమ్మం బయట నిలబడిన దిల్షాద్‌బీ ముందు.

"నాయనా, నేను కోర్టులో చెప్తా" అంది.

ఆనందయ్య కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "చెప్పినాంక నిన్ను కూడా ఏదో ఒక పార్టీలో ఎయ్యకుండా వదల్రు" అన్నాడు. మళ్ళీ తనే లేచి, "నేనూ వస్తా పద. బస్సులో ఒక్కదానివే వద్దు" అన్నాడు.

రెండేళ్ళుగా నలుగుతున్న ఆ హత్య కేసులో ప్రభుత్వ వకీలు అర్జీ పెట్టాక ప్రొద్దుటూరు కోర్టు ఆమెను పిలిచింది. సంచిలో ఏమున్నదీ, అతను ఎవరి మోటరు కోసం దిగిందీ, ఎవరేమని అరిచిందీ వరుసగా చెప్పింది. మిట్టవాళ్ళ మోటరు అనేసరికి కోర్టు హాలు గుసగుసలాడింది. మిట్టవాళ్ళ వకీలు లేచాడు.

"మీరు ఏ పార్టీ?"

"నేను ఆ బస్సులో ఉండాను సార్."

"రెండేళ్ళు ఏం చేస్తున్నారు మరి?"

"భయపడతా ఉండాను."

వకీలు కూచున్నాడు. చాంద్ బాషా ఏ పార్టీ మనిషీ కాదన్న మాట మొట్టమొదటిసారి కోర్టు కాగితం మీద పడింది.

బయట వరండాలో దిల్షాద్‌బీ నిలబడి ఉంది. చిక్కిపోయింది. ప్రేమకుమారి దగ్గరికి పోయి, "రహమాన్ రాలేదా?" అని అడిగింది.

"వాడు యాడుండాడో నాకే తెల్దు మేడమ్. ఐదు నెలలాయ." దిల్షాద్‌బీ గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "మీ అన్న మాకోసం సచ్చినాడని ఏటోళ్ళు ఫొటో పెట్టి దండేసినారు. జీపులో ఎక్కించుకోని తిప్పినారు. మీ అన్న బాకీ తీర్చుకోరా అన్నారు. వాడు నమ్మినాడు. నమ్మక ఏం జేస్తాడు, కాదని చెప్పినోళ్ళు ఎవురుండారు? ఫిబ్రవరిలో మిట్టోడొకడు పోయినాడు. ఆ కేసులో వీడు రెండో ముద్దాయి."

 తన నోట ఆలస్యమైన ఒక్క మాటకు ఎవరో ఒకరి ప్రాణం పోయిందనీ, ఒక పిల్లవాడు ఆ ప్రవాహంలో పడి కొట్టుకుపోయాడనీ ప్రేమకుమారికి అప్పుడు తెలిసింది. 

"లోపల చెప్పింది ఒక కాగితం మీద తెలుగులో రాసియ్యి మేడమ్" అంది దిల్షాద్‌బీ. "వాడు ఎప్పుడన్నా వస్తే చూపిస్తా. మీ అన్న ఎవురికోసమూ సావలేదు, మోటరు చేసేదానికి పోయినాడని."

ప్రేమకుమారి వరండా మెట్ల మీద కూచుని రాసింది. రాగి తీగ, బేరింగులు, టిఫిన్ డబ్బా, చీనీ తోట. రాసినదాన్ని చదివి వినిపించింది. చదువురాని దిల్షాద్‌బీ కళ్ళు మూసుకుని విని, "ఇంకోసారి" అంది. రెండోసారి విన్నాక, "ఆయన చనిపోయిన నెల తేదీ ఎయ్యి మేడమ్" అంది. "లేకపోతే వాడు నమ్మడు, ఇన్ని దినాలు లేని మాట ఇప్పుడెట్లొచ్చెనంటాడు."

ప్రేమకుమారి చేతిలో కలం ఆగిపోయింది. ఆ తేదీ వేస్తే దిల్షాద్‌బీకి మేలు. తనకు ఇంకా మేలు. ఆనందయ్య మెట్టు కింద నిలబడి కూతురి వైపే చూస్తున్నాడు.

ఆమె ఈ రోజు తేదీ వేసింది. దాని కింద సంతకం చేసి, సంతకం కింద ఇంకో వాక్యం రాసి అది కూడా గట్టిగా చదివింది. "రహమాన్, మీ వదినా నువ్వూ ఈ మాట కోసం రెండేళ్ళ కిందటే నా గడప తొక్కినారు, నేను చూసి కూడా చూడలేదన్నాను."

దిల్షాద్‌బీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది.