పేర్లు విడదీయరాదు

ఆ జంతు మ్యూజియానికి సోమవారం సెలవు. అయితే అది చూడటానికి వచ్చేవాళ్ళకు మాత్రమే. సిబ్బందికి ఆ రోజు పదకొండు గంటలకు డైరెక్టరుగారి ఉచ్చారణ తరగతి ఉండేది. మేడమీది గదిలో పొడుగు బల్ల చుట్టూ గుమస్తాలు, కాపలావాళ్ళు, పక్షుల తోళ్ళలో దూది కూరే పెద్దాయన, టికెట్లిచ్చే బాబాయి, గైడమ్మ బుద్ధిగా కూర్చునేవాళ్ళు. డైరెక్టరుగారు బల్ల కొసన నిలబడి జంతువుల లాటిను పేర్లూ గ్రీకు పేర్లూ నోరారా పలికి, వీళ్ళచేత తిరిగి పలికించేవారు.

ఆయనకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఏదో పెద్ద సదస్సులో లేచి, పాతకాలపు రెక్కల బల్లి గురించి చెబుతూ "ప్టెరోడాక్టిల్" అన్నారట. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. "టెరో అనాలండీ, ఆ పీ పైకి వినబడకూడదు" అని పక్కాయన చెవిలో ఊదాడు. ముప్ఫై ఏళ్ళయినా ఆ కిసుక్కు ఆయన చెవిలోంచి పోలేదు. అప్పటినుంచి టీ పక్కన పీ కనబడితే చాలు, దాని పీక నొక్కేసేవారు. మాట మొదట్లో ఉన్న పీతో ఊరుకున్నారా అంటే అదీ లేదు. సీతాకోకచిలుకల వర్గమైన లెపిడోప్టెరాను లెపిడోటెరా చేశారు. గబ్బిలాల వర్గమైన కైరోప్టెరాను కైరోటెరా చేశారు. పెద్దాయన పలక్కపోతే మూడుసార్లు పలికించేవారు. పాపం ఆయనకు ముందు పళ్ళు లేవు.

ఒక సోమవారం టికెట్ల బాబాయి చెయ్యెత్తాడు.

"సార్, ప్టెరాన్ అంటే రెక్కనీ, హెలికాప్టర్‌లో ఉన్నదీ ఆ రెక్కేననీ గైడమ్మ చెప్పింది. మెలికలు తిరిగే రెక్కట. మరి ఇకనుంచి దాన్ని హెలికాటర్ అనమంటారా?"

గదిలో అందరూ ఒక్కసారిగా బల్లకేసి చూశారు. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది వాహనం. మనం మాట్లాడుకుంటున్నది జంతువుల గురించి," అన్నారు. ఆ తర్వాత గైడమ్మ వైపు తిరిగి, "నీకు ముందు నోరు తిరగనీ. అర్థాల సంగతి తర్వాత చూద్దాం," అన్నారు.

గైడమ్మ ఇంటరు దాకా చదివింది, అదీ సైన్సు కాదు. టికెట్ల గదిలో సాయానికి చేరిన మనిషి. ఎనిమిదేళ్ళ క్రితం పాత గైడు చెప్పాపెట్టకుండా మానేస్తే, బడిపిల్లలు వరండాలో గోల చేస్తుంటే, గొంతు పెద్దదన్న ఒక్క కారణంతో ఆమెను లోపలికి తోశారు. అద్దాల పెట్టెల మీద రాసున్న పేర్లు చూస్తే మొదట్లో ఆమెకు చెమటలు పట్టేవి. లైబ్రరీలో ఒక పాత నిఘంటువు చివర గ్రీకు ముక్కల పట్టిక దొరికింది. దాన్ని పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళి, వంటింటి గడపలో కూర్చుని చదివేది.

అత్తగారు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కోడలు పేరు మొత్తం ఒక్క గుక్కలో మింగబోయి పొలమారడం చూసి, "అదేంటే అమ్మాయ్, జాకెట్టు అట్లాగే మింగుతావా? కుట్టు ఎక్కడుందో చూసి విప్పుకో," అంది.

ఆ రోజునుంచి గైడమ్మ విప్పడం మొదలుపెట్టింది. ఆర్త్రో అంటే కీలు, పోడా అంటే కాళ్ళు. కీళ్ళ కాళ్ళవి. కైరో అంటే చెయ్యి. చెయ్యే రెక్కయినది గబ్బిలం. అర్థమయ్యేకొద్దీ పేరు దానంతటదే నోటికి వచ్చేది. అత్తగారికి కూడా ఇది కాలక్షేపం అయింది.

"సెఫలోపోడా. తలకే కాళ్ళున్నవి అత్తయ్యా. ఆక్టోపస్ లాంటివి."

"మన ఇంటి ఓనరు అదే జాతి. బుర్రలో ఆలోచన పుట్టేసరికి గుమ్మంలో ఉంటాడు."

"గ్యాస్ట్రోపోడా. పొట్టే కాలు. నత్తలు."

"మా అల్లుడి పేరు కూడా రాయి అందులో. భోజనానికి రమ్మంటే తప్ప కదలడు."

మర్నాడు గైడమ్మ అల్లుడి సంగతి మినహాయించి మిగతాదంతా పిల్లలకు చెప్పేది. పిల్లలు వేళ్ళు చాపి గబ్బిలాలయ్యేవాళ్ళు. నేలమీద పొట్టతో పాకబోతే కాపలావాళ్ళు లేవదీసేవాళ్ళు. బయటికి వెళ్ళేటప్పుడు ఏ పిల్లను ఆపి అడిగినా నాలుగు గ్రీకు మాటలు చెప్పేది. వాళ్ళు పీ పలుకుతున్నారని డైరెక్టరుగారు మేడమీదినుంచి విని బాధపడేవారు.

ఆ ఏడాది డైరెక్టరుగారు రిటైరు కావాలి. ఇంకో రెండేళ్ళు పొడిగించడం మ్యూజియం కమిటీ ఛైర్మన్‌గారి చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే, పాత సొరుగుల్లో ఎన్నేళ్ళనుంచో పేరు లేకుండా పడివున్న నువ్వుగింజంత పెంకుపురుగు డైరెక్టరుగారి కంటపడింది. పుస్తకాలన్నీ తిరగేశారు. అలాంటిది ఇంతకుముందు ఎవరూ వర్ణించలేదు. కొత్త జాతి! ఆయన మూడు రోజులు తలుపేసుకుని కూర్చుని, దానికి ఛైర్మన్‌గారి గౌరవార్థం పేరు కట్టారు. రెండో మాట ఛైర్మన్‌గారి ఇంటిపేరే, చివర లాటిను తోకతో. మొదటిమాట పైగోప్రోసోపా.

ఆ కాగితాన్ని టైపుకు ఇచ్చిరమ్మని గైడమ్మకు ఇచ్చారు. ఆమెకు అలవాటైపోయింది. మెట్లు దిగుతూనే కుట్లు విప్పింది. మూడో మెట్టు దగ్గర ఆగి, వెనక్కి ఎక్కింది.

"సార్, ప్రోసోపా అంటే ముఖం. పైగో అంటే ఏమనుకున్నారండీ?"

"చిన్నది. పిగ్మీ అంటాం కదా పొట్టివాళ్ళను. అదే ఇది. చిన్న ముఖం కలది."

"పిగ్మీలో ఉన్నది పిడికిలి సార్. పిడికెడు మనిషి అని. ఇది వేరు. పెంకుపురుగులకు వెనక కొసన ఉండే బిళ్ళను పైజీడియం అంటాం చూడండి, ఆ ముక్క ఇది." ఆమె కాస్త తటపటాయించింది. "పిరుదులండీ."

డైరెక్టరుగారు చాలా ఓర్పుగా నవ్వారు.

"అది పై-జీ. ఇది పై-గో. వినబడుతోందా తేడా? జీ వేరు, గో వేరు. అది దీనికెలా చుట్టమవుతుంది? ఉచ్చారణ తెలియకపోతే వచ్చే తిప్పలు ఇవే. వెళ్ళి టైపు చేయించు."

"రాసేటప్పుడు రెండింటికీ అవే అక్షరాలు సార్..."

"టైపు చేయించమన్నాను."

ఆమె చేయించింది. మ్యూజియం వాళ్ళ పత్రికలోనే ఆ వ్యాసం అచ్చయింది. పత్రిక సంపాదకుడు డైరెక్టరుగారే కాబట్టి అభ్యంతరం చెప్పేవాడు లేకపోయాడు.

పెంకుపురుగుల హాల్లో పేరు ఆవిష్కరణ పెట్టారు. కొత్త అద్దాల పెట్టె, పైన పురుగు ఫోటో తలుపంత పెద్దది, పేరు మీద పట్టుతెర. ఛైర్మన్‌గారి భార్య గంట ముందే వచ్చింది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊరికే కుర్చీలో కూర్చోవడం ఆమెవల్ల కాదు. "అమ్మా, ఆలోపు ఇవన్నీ చూపించు," అని గైడమ్మ వెంట పడింది.

గైడమ్మ ఎప్పటిలాగే చెప్పుకుపోయింది. కోలియోప్టెరా, ఒరలో దాచిన రెక్కలవి. పెంకు అనే ఒర, దాని కింద రెక్క. లెక్కల టీచరుగారికి ఇది మహా నచ్చింది.

"కారణాంకాలు విడగొట్టినట్టుందే! మరి ఈ వెనక బిళ్ళ?"

"పైజీడియం అండి. పైగో అంటే వెనకభాగం. మనం కూర్చునేది."

అన్న తర్వాతగానీ గైడమ్మకు తెర వెనకున్న పేరు గుర్తుకు రాలేదు. కానీ అప్పటికే టీచరుగారు చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి, "పైగో" అని రాసుకుంటోంది.

పదకొండింటికి ఛైర్మన్‌గారు వచ్చారు. డైరెక్టరుగారు అరగంట మాట్లాడారు. ఛైర్మన్‌గారి వినయం గురించీ, పురుగు వినయం గురించీ చెప్పి, రెండింటికీ పోలికలున్నాయన్నారు. తెర లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారు పేరును మూడుసార్లు పలికి, జనం చేత కూడా పలికించారు. నలభై గొంతులు ఒక్కసారిగా పైగోప్రోసోపా అన్నాయి, వెంటనే ఛైర్మన్‌గారి ఇంటిపేరు కూడా.

ముందు వరుసలో టీచరుగారు పుస్తకం తెరిచింది. వేలు పెట్టి చూసుకుంది. గోడమీది పేరు చూసింది, భర్తను చూసింది.

"ప్రోసోపా అంటే ఏంటండీ?" అని పైకే అడిగింది.

"ముఖం అమ్మా," అన్నారు డైరెక్టరుగారు ఉత్సాహంగా. "గ్రీకులో ముఖం!"

టీచరుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం మొదలైంది. ముందు చిన్న దగ్గులా వచ్చింది, తర్వాత ఆగలేదు. ఆ కుర్చీ కూడా ఆమెతోపాటు కిర్రుకిర్రుమంది.

"ఏంటి? ఏమైంది?" అన్నారు ఛైర్మన్‌గారు.

ఆమె మాట్లాడలేక చిన్న పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివారు. గోడకేసి చూశారు. మళ్ళీ చదివారు.

"చిన్న ముఖం సార్!" అన్నారు డైరెక్టరుగారు. "పైగో అంటే చిన్న..."

ఛైర్మన్‌గారు ఆయన్ను చేత్తో ఆపి, గోడవారగా నిలబడ్డ గైడమ్మను పిలిచారు. "ఇది రాయించింది నువ్వేనా? నిజమేనా ఇది?"

గైడమ్మ ఒకడుగు ముందుకు వచ్చింది. డైరెక్టరుగారు ఆమెకేసే చూస్తున్నారు. ఆ చూపులో ఆజ్ఞ ఉంది, బతిమాలుకోవడం కూడా ఉంది. కాదండీ అని ఒక్క మాట అంటే చాలు, ఈ పూటకు గండం గడుస్తుంది. రేపు మళ్ళీ బడిపిల్లలు వస్తారు. వాళ్ళకు ఇదే హాల్లో, ఇదే పైజీడియం చూపించి ఏమని చెప్పాలి?

"నిజమేనండీ," అంది. ఏదో ఒకటి కలపాలనిపించి, "కాకపోతే పురుగు మంచిదండీ," అంది.

టికెట్ల బాబాయి తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాడు. వరండాలో ఆయన నవ్వు లోపలికి వినబడుతూనే ఉంది. ఛైర్మన్‌గారు టీ తాగకుండా వెళ్ళిపోయారు. టీచరుగారు మాత్రం టీ తాగి, గైడమ్మ చెయ్యి నొక్కి మరీ వెళ్ళింది.

డైరెక్టరుగారు ఆ మధ్యాహ్నమే పేరు రద్దు చేయించబోయారు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. అందులో ఉన్నదేమిటంటే, పద్ధతిప్రకారం అచ్చయిన పేరును, అర్థం బాగాలేదన్న కారణంతో తీసెయ్యడానికి వీల్లేదు. ఆయన ఆ పేజీని నాలుగుసార్లు చదివారు. భూమ్మీద ఆ పురుగు ఉన్నన్నాళ్ళూ, అది పోయిన తర్వాత కూడా, ఛైర్మన్‌గారి ఇంటిపేరు ఆ ముఖానికి అంటుకునే ఉంటుంది.

ఇక ఆయన చేతిలో ఉన్నది మ్యూజియం గోడ ఒక్కటే. వారం తిరిగేసరికి హాలు గుమ్మంలో కొత్త బోర్డు వెలిసింది. అద్దాలు ముట్టుకోరాదు, ఫోటోలు తీయరాదు, పేర్లు విడదీయరాదు. అంతవరకు పురుగుల పేర్లకేసి కన్నెత్తి చూడనివాళ్ళు కూడా బోర్డు చదివి, లోపలేదో ఉందని గుంపులుగా వచ్చి, ఫోన్లలో వెతికి మరీ విడదీయడం మొదలుపెట్టారు. ఆ హాల్లో వినబడే నవ్వులకు కాపలావాళ్ళు అలవాటు పడిపోయారు. గైడమ్మను చేపల హాలుకు మార్చారు. ఉచ్చారణ తరగతి దానంతటదే ఆగిపోయింది. రెండు సోమవారాలు ఎవరూ అడగలేదు, ఆయనా పిలవలేదు.

ఛైర్మన్‌గారు రెండేళ్ళకు బదులు ఆరు నెలలు పొడిగించారు. అదికూడా ఇంట్లో టీచరుగారు చెప్పబట్టేనని బాబాయి ఎక్కడో విని వచ్చాడు. "ఆయన్ను పంపేస్తే ఇంక నవ్వించేదెవరు?" అందట.

ఒక రోజు మూడింటప్పుడు చేపల హాలు ఖాళీగా ఉంది. గైడమ్మ స్టూలు మీద కూర్చుని సొరచేపల పేర్లు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటోంది. డైరెక్టరుగారు వచ్చారు. రెండువైపులా చూసి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు.

"ఇది కాస్త చూస్తారా?" అన్నారు. ఆమెను మీరనడం అదే మొదటిసారి.

ఆమె లేచి కాగితం అందుకుంది. ఇంకో పురుగు. కాకోనోటస్.

"నోటస్ అంటే వీపండీ. బాగుంది. ముందున్నది ఏమనుకుని రాశారు?"

"అందమైన వీపు అని. నిజంగానే అందంగా ఉంటుంది, బంగారు చారలు." ఆ మాటలంటుంటే ఆయన ముఖం కాస్త తేటపడింది.

"అందానికి కాలో సార్. కాకో అంటే చెడ్డది. ఒక్క అక్షరమే తేడా."

ఆయన పెన్సిలు కోసం తడుముకుంటే ఆమె తన పెన్సిలు ఇచ్చింది. సొరచేప అద్దానికి కాగితం ఆనించి, రబ్బరుతో ఆ అక్షరాన్ని చెరిపి, దాని మీద నెమ్మదిగా కొత్త అక్షరం దిద్దారు. ఇంతలో తలుపు తెరుచుకుని బడిపిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. డైరెక్టరుగారు కాగితాన్ని చప్పున జేబులో దోపుకున్నారు.

"ఈ అద్దాలు ఎవరూ సరిగ్గా తుడవడం లేదు," అని అందరికీ వినబడేలా అని, పిల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయారు. గైడమ్మ పెన్సిలు కూడా ఆయనతోపాటే వెళ్ళింది.